పెట్టె మీద రాసిన బరువు

వెండెల్ మంచులో వెల్లకిలా పడి ఉన్నాడు. పక్కనే రైఫిల్. దాని వెనుక భాగం పేలి చీలిపోయింది. ఉక్కు ముక్క ఒకటి కంట్లోంచి తలలోకి దూసుకుపోయింది.

"తూటాలో మందు ఎక్కువైంది," అన్నాడు తమ్ముడు లైల్. మోంటానా కొండల్లో వేట గైడ్ అతను. "అన్నయ్యకి దగ్గరి చూపు ఆనట్లేదు. తూటాలు వదినే నింపుతోంది. అదేమైనా రొట్టెల పిండా?"

డిటెక్టివ్ థెడా వంగి చీలిన రైఫిల్‌ని చూసింది.

ఇంట్లో వెండెల్ భార్య ఇర్మా వంటగది బల్ల దగ్గర కూర్చుని ఉంది.

"నన్ను తీసుకుపో అమ్మా. నా చేతులతోనే చంపుకున్నాను."

"మందు ఎలా కొలిచారు?"

"త్రాసులో. మా ఆయన ప్రతి తూటాకీ అంకె పైకి చదవమనేవాడు."

"ఎంత పోశారు?"

"తూటా కొసన బిగించే ఆ గుండుకి ఎంతవరకు పొయ్యొచ్చో అంత. రవ్వ కూడా మించనిచ్చేవాడు కాదు."

"గుండ్లు ఎవరు కొన్నారు?"

"లైల్ తెచ్చాడు. పెట్టె అప్పటికే విప్పి ఉంది. కొన్ని తను వాడుకున్నానన్నాడు."

ల్యాబ్‌లో మిగిలిన తూటాలు విప్పారు. మందు సరిగ్గా ఉంది. త్రాసులోనూ తేడా లేదు.

"పాత రైఫిల్, మేడమ్. యాక్సిడెంట్ అని రాసేద్దామా?" అన్నాడు టెక్నీషియన్.

"గుండు తూచావా?"

"గుండు బరువు నూటయాభై గ్రెయిన్లని పెట్టె మీదే ఉందిగా."

"నేనడిగింది తూచావా అని."

తూచాడు. రెండోది కూడా తూచాడు. అతని ముఖం మారిపోయింది. "రెండువందల ఇరవై!"

మర్నాడు థెడా లైల్‌ని ఇర్మా వంటగదికి పిలిపించింది. తూటా ఒకటి బల్ల మీద పెట్టింది.

"మీ అన్నయ్యదే. మందు సరిగ్గా ఉందని ల్యాబ్ చెప్పింది. మీ రైఫిల్‌కీ సరిపోతుంది. బయట ఆ కంచె గుంజని కొట్టండి చూద్దాం."

లైల్ తూటాను ముట్టుకోలేదు.

"భయం దేనికి?"

లైల్ చూపు తలుపు వైపు మళ్లింది.

"నేను చెప్పనా? మందు మండితే గుండు ముందుకు కదలాలి. అప్పుడే ఒత్తిడికి చోటు దొరుకుతుంది. బరువు గుండు తొందరగా కదలదు. పైగా పొడవెక్కువ. గుండు బిగించే మెషిన్ అన్ని తూటాల్నీ ఒకే పొడవుకి నొక్కుతుంది. కాబట్టి అది లోపలికి దిగి మందుకున్న చోటు కూడా తినేస్తుంది. తేలిక గుండుకి సరిపోయిన మందే దీని వెనక బాంబు అయింది. అందరం మందు గురించే ఆలోచించాం. గుండ్లు మార్చింది నువ్వు. పెట్టెలో ఉండాల్సినవి నీ షెడ్‌లో కాఫీ డబ్బాలో దొరికాయి."

"నేనెందుకు..."

"వేట నిషేధించిన అడవిలో నువ్వు క్లయింట్లతో వేటాడించావు. అది చెప్పడానికి మీ అన్నయ్య సోమవారం వస్తానన్నాడట. అటవీ వార్డెన్ చెప్పాడు. నీ లైసెన్స్ పోయేది."

లైల్ బల్ల అంచు పట్టుకున్నాడు. "చస్తాడనుకోలేదు వదినా. చెయ్యో కాలో విరిగి కొన్నాళ్లు మంచం మీద ఉంటాడనుకున్నా."

"నా చేత చేయించావు కదరా," అంది ఇర్మా.

బయట ఉన్న పోలీసు డెప్యూటీ అతన్ని బేడీలతో తీసుకెళ్లాడు. కారు చప్పుడు దూరమైంది.

"మీ తప్పేం లేదండీ," అంది థెడా.

ఇర్మా బల్ల మీది తూటాని దూరంగా నెట్టింది.

"ఆయనకి తెలీదు కదమ్మా. నా చెయ్యే తప్పిందనుకుని పోయుంటాడు."