పిల్లి గీరిన బుగ్గ

పట్టు నేతగాళ్ళ నిషిజిన్ వీధి ఆ ఉదయం కూడా మగ్గాల చప్పుడుతోనే లేచింది. తొమికో ఇంట్లో మగ్గం మాత్రం మూగగా ఉంది. ఆమె పట్టుకున్న ముల్లంగి ఊరగాయ ముక్క తినే పుల్లల మధ్య నుంచి జారి సూపులో పడింది.

"చూశావా, మధ్యవేలి కీలు మళ్ళీ ఉబ్బింది," అంది కూతురు చిహారు. చేతివేళ్ళకు ఆపరేషన్లు చేసే డాక్టరు ఆమె. "బియ్యపు గింజంత కన్నాలు రెండు పెడతాను. ఒకదాంట్లో కెమెరా, ఇంకోదాంట్లో పనిముట్టు. లోపల వాచిన పొర గీకేస్తాను. సాయంత్రానికి ఇంటికొచ్చేస్తావు."

"చెయ్యవే డాక్టరమ్మా. నేను వద్దన్నానా?"

"ముందు ఆ వేలి గోరు కత్తిరించాలి."

తొమికో చెయ్యి వెనక్కి లాక్కుంది. అది మామూలు గోరు కాదు మరి. కొసను రంపంలా పళ్ళు పళ్ళుగా అరగదీసి, ఆ పళ్ళతోనే పట్టుపోగుల్ని దువ్వి బిగించి నేస్తుంది. పెళ్ళికి ముందు నుంచీ ఆమె దాన్ని నున్నగా కత్తిరించింది లేదు.

"కన్నాలు ఎన్నయినా పెట్టుకో. గోరు జోలికి రాకు."

"వేలికి వల లాంటి తొడుగు వేసి, పైకి వేలాడదీస్తేనే కీలు తెరుచుకుంటుందమ్మా. నీ గోరు ఆ వలకి చిక్కుకుంటుంది. మళ్ళీ పెరుగుతుందిగా."

"పెరిగేదాకా నేనెవర్ని? ఊరికే కూర్చున్న ముసలిదాన్ని."

చిహారుకి ఒళ్ళు మండింది. "మా అమ్మవి. నాకు జ్వరమొస్తే మోచేత్తో నుదురు చూసేదానివి. ఒక్కసారైనా బుగ్గ నిమిరావా? నాకంటే ఆ పట్టుగుడ్డే నీకు ఎక్కువ."

తొమికో తన గోటి వైపు చూసుకుంది.

"నిమిరాను," అంది. "అప్పుడు నువ్వు పసిగుడ్డువి. ముద్దొచ్చి గోరు సంగతే మరిచిపోయాను. నెత్తురొచ్చింది. ఆ తర్వాత ధైర్యం చాలలేదు."

చిహారు చెయ్యి తనకు తెలియకుండానే బుగ్గ మీదికి పోయింది. దవడ దగ్గర పక్కపక్కనే సన్నటి గీతలు ఎప్పటినుంచో ఉన్నాయి.

"పిల్లి గీరిందన్నావుగా అమ్మా?"

"మనింట్లో పిల్లి ఎప్పుడుందే?"

కోపమంతా ఎటుపోయిందో, చిహారుకి కళ్ళు నిండిపోయాయి. తొమికో వేలు చాపింది. "కత్తిరించు. నీ చెయ్యి వణకదని ఊరంతా చెబుతోంది."

నిజంగానే వణకలేదు. పళ్ళ కొస టక్కున తెగి చాప మీద పడింది. తొమికో ఆ ఒక్క వేలితో, కాస్త బెరుగ్గా, కూతురి బుగ్గ మీది గీతల్ని నిమిరింది. చిహారు చిన్నపిల్లలా కళ్ళు మూసుకుంది.

"ఆపరేషను నువ్వు బాగానే చేస్తావులే," అంది తల్లి. "గోరు పెరిగేదాకా మాత్రం రోజూ పొద్దున్నే ఇటు వచ్చి వెళ్ళు."