ముప్పావంగుళం తక్కువ

ఉదయం ఏడుంబావుకి విదేశాంగ శాఖ బైండరు లిఫ్టులో చచ్చిపడి ఉన్నాడు. మెడ మీద సూది గుచ్చిన గుర్తు. ఒప్పంద పత్రాలు దారంతో కుట్టుకుంటూ, ఎవరి జోలికీ పోని మనిషి. అలాంటివాణ్ణి విషమిచ్చి చంపేంత పగ ఎవరికుంటుంది చెప్పండి?

ఏడున్నరకల్లా మొద్దుకి పిలుపొచ్చింది. గూఢచారి శాఖలో అందరూ అతన్ని అలాగే అంటారు. తెలివితక్కువని కాదు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో లెక్కలేనన్ని మారువేషాలు వేసి, రెండు బుల్లెట్లు తిని, భార్యని పోగొట్టుకున్నాక మనిషి లోపల మొద్దుబారిపోయాడు. శవాన్ని చూసినా ఏమీ అనిపించలేదు. ఏమీ అనిపించనందుకు కాస్త సిగ్గేసింది. ఆ సిగ్గు కూడా చీఫ్ గదికి చేరేలోపే పోయింది.

చీఫ్ ఒకప్పుడు హిస్టరీ లెక్చరర్. అందుకే అందరికీ మాస్టారు.

"పదకొండింటికి పెద్దదేశంతో రేవు ఒప్పందం. బైండరు సీట్లో నువ్వు కూర్చో. మీ నాన్నది బైండింగ్ షాపేగా?"

"అవును సార్."

"దుబాసీ కబురంపింది. ఒప్పందం గిట్టనివాళ్ళెవరో మంత్రిగారి పెన్నులో విషం పెడుతున్నారట. ఈ కళ్ళజోడు పెట్టుకో. విషం ఉంటే ఎర్రగా కనిపిస్తుంది."

దుబాసీ అంటే పెద్దదేశం ఎంబసీలో అనువాదకురాలు. రెండేళ్ళుగా మనకి రహస్యాలు చేరవేస్తోంది. ఆవిడ కారిడార్లో నడిచొస్తే గుమాస్తాలు ఫైళ్ళు తలకిందులుగా పట్టుకుని చదివేస్తుంటారు, అదీ ఆవిడ అందం.

"రేవులో మా అక్క ఉంది సార్," అన్నాడు మొద్దు. గొంతులో ఏ భావమూ లేదు.

"తెలుసయ్యా. వలలు బాగుచేసే షాపు. పెద్దదేశం ఓడలు వచ్చి ఆగుతాయి, అంతే. ఒక్క ఇల్లు కూడా కదలదు. ఆ ముక్క పన్నెండో పేజీలో రాయించడానికి నాలుగు నెలలు కొట్లాడాం. వీళ్ళు స్నేహితులా, పాతకాలపు సామ్రాజ్యాలకి మనవలా అని కేబినెట్లో నిన్నంతా ఒకటే గొడవ. తేలలేదు."

బైండింగ్ గదిలో జిగురు వాసన. ఆ వాసనకి నాన్న గుర్తొచ్చాడు గానీ, బెంగ మాత్రం రాలేదు. మొద్దు కాగితాలని బల్ల మీద నాలుగు పక్కలా తట్టి సమం చేశాడు. అంతలో దుబాసీ వచ్చింది.

"గొడుగు తెచ్చారా?" అంది. కోడ్.

"ఎండకి మాత్రమే."

"అనువాదం ఒక్కసారి సరిచూడాలి. రెండు నిమిషాలు. ఈలోపు మీరా పెన్నుల సంగతి చూడండి, వచ్చింది అందుకేగా!"

కాగితాలు పట్టుకుని కిటికీ దగ్గరికెళ్ళింది. మొద్దు పెన్నులు చూశాడు. ఏదీ ఎర్రబడలేదు. ఆవిడ తిరిగిచ్చిన బొత్తిని, ఒక కన్ను పెన్నుల పెట్టె మీదే ఉంచి, గబగబా కుట్టి అట్టలు తొడిగేశాడు.

పదకొండు. హాలు కెమెరాలతో నిండిపోయింది. మొద్దు పుస్తకాన్ని మంత్రిగారి ముందు పెట్టి, అలవాటు కొద్దీ కింది అంచు మీద బొటనవేలు పోనిచ్చాడు. ఒకచోట వేలు లోపలికి దిగింది.

ఒక కాగితం పొట్టిది. ముప్పావంగుళం.

అలాంటి కాగితం మన దగ్గర ఏ ఆఫీసులోనూ దొరకదు. అది పెద్దదేశం వాళ్ళ సైజు.

మంత్రిగారు చివరి పేజీ తెరిచి పాళీ ఆనించబోతున్నారు.

"సార్, దారం తెగింది!" అంటూ మొద్దు పుస్తకాన్ని లాగేశాడు. పాళీ సర్రున జారి బల్లగుడ్డ మీద గీత గీసింది.

"ఓరి నీ అసాధ్యం కూలా! ఇప్పుడా తెగేది?" అన్నారు మంత్రిగారు.

ఆ పొట్టి కాగితం పన్నెండో పేజీయే. మొద్దు దాన్ని తెరిచి ఆయన ముందు పెట్టాడు. 'రేవు నివాసులు ముప్ఫై రోజుల్లో ఖాళీ చేయవలెను.' మంత్రిగారు రెండుసార్లు చదివి, పెన్ను మూత పెట్టేశారు.

దుబాసీని పక్కగదిలో కూర్చోబెట్టారు. ఆవిడ చెక్కుచెదరలేదు.

"బైండరైతే ఆ పేజీని చూడగానే పట్టేసేవాడు, అందుకే పోయాడు. పెన్నుల కబురు మీ కళ్ళు మళ్ళించడానికే. నువ్వూ బైండరువేనని ఎవరూ చెప్పలేదు," అంది. "అయినా మాది సామ్రాజ్యమని మీ కేబినెట్లో గొడవేంటి? పాతకాలపు చక్రవర్తులు ఊళ్ళకి ఊళ్ళు తగలబెట్టారు. మేం ఒక్క గుడిసెకైనా నిప్పెట్టామా?"

"లేదు. గడువిచ్చారు."

"చక్రవర్తులు ఇచ్చారా గడువు?"

"ఇవ్వలేదు. కానీ వాళ్ళు చక్రవర్తులమని చెప్పుకునే వచ్చేవాళ్ళు."

ఆవిడ నవ్వింది. మాస్టారు మాత్రం ఆ పొట్టి కాగితాన్ని వెలుతురులో పట్టుకుని మురిసిపోయారు. "విషం తెచ్చారు, దొంగపేజీ తెచ్చారు. లోకంలో కాగితమంతా తమ కొలతలోనే ఉంటుందనుకున్నారు చూడు! కేబినెట్లో తేలనిది ఇదేనయ్యా. ఆ అనుకోవడమే సామ్రాజ్యం."

మొద్దు తలూపాడు. గెలిచినట్టు ఏమీ అనిపించలేదు. వరండాలోకెళ్ళి అక్కకి ఫోన్ చేశాడు.

"ఏంట్రా, ఆరు నెలలకి గుర్తొచ్చానా? బతికున్నానో లేదో చూద్దామనా?"

"ఊరికే చేశానక్కా. షాపు ఎలా ఉంది?"

"దివ్యంగా ఉంది. ఇవాళ టీవీలో మన రేవు పేరు వస్తుందని ఇంటిల్లిపాదీ కూర్చుంటే, మధ్యలో ఆపేశారు. ఎవడో తలమాసిన బైండరు పుస్తకం సరిగ్గా కుట్టలేదట! పాపం, పెద్దదేశం వాళ్ళు అంతదూరం నుంచి మన మంచికోసం వస్తే ఇదా మర్యాద? వాడు గానీ కనిపిస్తే నాలుగు పీకరా."

"సరే అక్కా," అన్నాడు మొద్దు. "చెప్తాను వాడికి."