అంబాసిడర్‌కు కట్టిన ఎద్దులు

1979 ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం, జహీరాబాద్ బస్టాండు వెనుక ఉన్న డిటెక్టివ్ ముష్తాక్ గదిలోకి యాదమ్మ పరుగున వచ్చింది.

"సాబ్, మొగుడంపల్లి పటేల్‌ని నా మొగడే చంపిండని పోలీసోళ్లు పట్టుకపోయిన్రు. ఉరి తీస్తరంట. జర మీరే కాపాడాలె."

జరిగింది ఇది. జగన్‌మోహన్ పటేల్ జహీరాబాద్‌లో ఒక పాత అంబాసిడర్ కొన్నాడు. ఇంజను చచ్చిన కారు. లారీ మాట్లాడబోతే తమ్ముడు మాణిక్ ముందురోజే అడ్డుపడ్డాడు. "లారీ ఎందుకన్నా? మన ఊరి రామ్‌కిషన్ ఎద్దులు లాగవా? గుట్ట దారి దగ్గరైతది" అన్నాడు. పటేల్ స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు. దారిలో తాగిన కల్లు మత్తుకు అక్కడే నిద్రపోయాడు. సాయంత్రానికి కారు క్వారీ గుంతలో నుజ్జయి ఉంది, లోపల పటేల్ శవం. పైన గట్టు మీద ఎద్దులు కాడికి కట్టే ఉన్నాయి. కారుకు కట్టిన పగ్గం కోసి ఉంది.

కారు వాలులో జారుతుంటే, ఎద్దులను కాపాడుకోవడానికి యాదమ్మ భర్త రామ్‌కిషనే పగ్గం కోశాడని ఇన్‌స్పెక్టర్ తేల్చేశాడు. ముష్తాక్ సహాయకుడు అక్రం సేద్యగాళ్ల ఇంట పుట్టినవాడు. ఎద్దులంటే రైతుకు ఎంత ప్రాణమో తెలుసు. ఆ మాట నిజమేనేమో అనిపించింది అతనికి.

లాకప్‌లో రామ్‌కిషన్ చేతులు జోడించాడు. "టైర్లకు రాళ్లు పెట్టి, ఎద్దుల్ని ఇప్పి చెట్టుకు కట్టేసి నీళ్లకు పోయిన సాబ్. వచ్చేసరికి గవి కాడికున్నయి."

"దయ్యం కట్టిందా?" ఇన్‌స్పెక్టర్ నవ్వాడు.

ముష్తాక్ నవ్వలేదు. పంచనామా తెప్పించి చదివాడు. 'తెల్లెద్దు కుడివైపు, ఎర్రెద్దు ఎడమవైపు' అని రాసి ఉంది.

"నీ తెల్లెద్దు ఏ దిక్కు నడుస్తది?"

"ఎడమ దిక్కే సాబ్. ఐదేండ్ల సంది గంతే."

మర్నాడు ముష్తాక్ పటేల్ ఇంటి వాకిట్లో ఇన్‌స్పెక్టర్‌తో సహా అందరినీ చేర్చాడు. ఎద్దులనూ తోలించాడు. హత్య జరిగిన రోజు తాను హైదరాబాద్‌లో ఉన్నానని మాణిక్ అడగకుండానే చెప్పాడు. పట్నంలో చదివి వచ్చిన ఆ మనిషి పొలం గట్టు తొక్కిందే తక్కువ.

"మంచిది. గీ ఎద్దుల్ని జర కాడికి కట్టుండ్రి," అన్నాడు ముష్తాక్ అతనితో.

మాణిక్ తెల్లెద్దును కుడివైపు కట్టాడు. అది తల విదిలించింది. వెనుక ఎవరో కిసుక్కుమన్నారు.

"గిట్ల కడితే గివి అడుగు గూడ ఎయ్యవు," అన్నాడు ముష్తాక్.

మాణిక్‌కు రోషం ముంచుకొచ్చింది. "ఎందుకెయ్యవు? మొన్న గిట్లనే నడిచినయి గదా!"

హైదరాబాద్‌లో ఉన్నానన్న మనిషికి అవి ఇలా కట్టి నడిచాయని ఎలా తెలిసిందని అందరూ మాణిక్ వైపు తిరిగారు.

"సేద్యగాడు కండ్లు మూసుకున్నా జోడెద్దుల దిక్కు మార్చడు. అందుకే ఆ రోజు కట్టింది రామ్‌కిషన్ కాదని తెల్సింది," ముష్తాక్ గొంతు పెంచలేదు. "ఆయన నీళ్లకు పోంగనే మీరు ఎద్దుల్ని కట్టిన్రు, రాళ్లు తీసిన్రు. నిద్రపోతున్న అన్నను వాలు దాకా లాగించి పగ్గం కోసిన్రు. లారీ వద్దని గుట్ట దారి పట్టించింది గూడ మీరే. అన్న పోతే భూమంతా మీదే."

మాణిక్ అక్కడే కూలబడ్డాడు.

భూమి ఎవరిదైతే యాదమ్మకేం? ఆమె జనాన్ని తోసుకుంటూ ఇన్‌స్పెక్టర్ ముందుకొచ్చింది.

"ఇయ్యాల్నే ఇడుస్తరా సారూ?"

ఇన్‌స్పెక్టర్ తల దించుకున్నాడు. "ఇప్పుడే పదమ్మా," అన్నాడు.