నలభై ఒకటో ప్రశ్న

మునిశేఖర్ మదనపల్లె ఆఫీసు మెట్లు మొదటిసారి ఎక్కింది తగాదా పెట్టుకోవడానికే.

"రేఖ అంటే ఎవరండీ? నా ఇంటర్వ్యూలు మూడు కొట్టేసినారంట. కుప్పంలో ఎండకు మాడిపోతా చేసినవి."

రేఖ హెడ్‌ఫోన్స్ మెడలోకి జార్చుకుని తలెత్తింది. పదిహేను రోజులుగా రికార్డింగుల్లో ఆ గొంతు ఆమె చెవుల్లోనే ఉంది. అంత నిదానమైన గొంతు ఏ నడివయసు మాస్టారిదో అనుకుంది. తీరా చూస్తే సన్నటి కుర్రాడు, చెప్పులనిండా ఎర్రమట్టి, ముక్కు మీద కోపం.

"నేనే. మూడిట్లోనూ ఆడమనిషిని అడగాల్సి ఉంటే మొగుడు జవాబు చెప్పినాడు. మీరు రాసుకున్నారు."

"ఆయమ్మ పక్కనే ఉండాది మేడమ్. తలకాయ ఊపతా ఉండాది."

"తలకాయ ఊపితే రికార్డింగులో వినపడదు."

మునిశేఖర్ వచ్చినంత వేగంగానే మెట్లు దిగిపోయాడు.

బెంగుళూరు బస్టాండు దగ్గర రెండు గదుల ఆఫీసు అది. అక్కడ జరిగేది జనాభిప్రాయాల సర్వే. చెక్ దేశంలో ఏదో యూనివర్సిటీవాళ్ళు తమ జనాన్ని అడిగిన ప్రశ్నలే ఇక్కడా అడిగించి, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారట. ప్రభుత్వం మీద నమ్మకముందా, ధరలు ఎట్లున్నాయి, కొత్త చట్టాలు మీకు సమ్మతమేనా అని మొత్తం నలభై ఒక్క ప్రశ్నలు. కుర్రాళ్ళు ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ తిరుగుతారు, ట్యాబ్ మాటలు రికార్డు చేస్తుంది, అవి విని నిజమో కాదో తేల్చేది రేఖ.

అంతకుముందు మూడు నెలలు ఆమె చెక్ జనం జవాబులు ఇంగ్లీషులో చదివి కంప్యూటరు గళ్ళల్లో సర్దింది. ఎవరొచ్చినా మాకు ఒరిగేదేముందని ఒకాయన, పింఛను వయసు పెంచితే ఎట్లా బతకాలని ఒకావిడ. పేర్లు తీసేస్తే పుంగనూరు బస్టాండులో మాట్లాడుకున్నట్టే ఉండేది. తేడా అల్లా పన్నెండో ప్రశ్న దగ్గరే. చలికాలంలో ఇల్లు వెచ్చగా ఉంచుకోగలుగుతున్నారా అని అడిగితే కుప్పంలో ముసలమ్మలు పగలబడి నవ్వేవాళ్ళు.

తగాదా అయిన మర్నాటి నుంచి మునిశేఖర్ రికార్డింగుల చివర ఒక ముక్క అదనంగా రావడం మొదలైంది.

"మేడమ్, ఈసారి ఆయమ్మే మాట్లాడింది. ఇనుకోండి."

ఇంకోరోజు, "పుంగనూరులో వాన మేడమ్. రేకుల మీద సప్పుడు. దీన్ని మాత్రం నా మీద ఎయ్యొద్దు."

రేఖ ఆ వాన చప్పుడును మూడుసార్లు వెనక్కి తిప్పి వింది. పక్క సీట్లో పల్లవి ఏమిటే ఆ నవ్వు అంటే, పన్నెండో ప్రశ్న అని చెప్పింది.

నెల తిరిగేసరికి ఇద్దరూ ఆఫీసు కింద టీ కొట్టు దగ్గర నిలబడే దాకా వచ్చింది వ్యవహారం. వాన పడుతోంది. తడవకుండా ఉండాలంటే దగ్గరగా నిలబడాలి, నిలబడ్డారు. అప్పుడే చెప్పాడు, నువ్వంటే ఇష్టమని. ఆ వెంటనే ఇంకొకటీ చెప్పాడు.

"మా ఇల్లు బైరెడ్డిపల్లె పక్కన కాలనీలో. మా అమ్మ మునిరత్నమ్మ మొన్నమొన్నటిదాకా మీబోటోళ్ళ చేలల్లో కూలికి పోయింది. ఇది ముందే నీకు తెలియాల."

"నేను అడిగినానా?"

"నువ్వు అడగవు. మీ ఇంట్లో అడుగుతారు."

మా నాయన అట్లాంటోడు కాదని రేఖ అంది. మనస్ఫూర్తిగానే అంది. ఊరంతా వద్దన్నా కూతుర్ని డిగ్రీ చదివించిన మనిషి గంగాధరం. మనుషులంతా ఒకటేనని పదిమందిలో చెప్పేవాడు. దసరా పోనిచ్చి చెబుతాననుకుంది. ఆ దసరా ఎప్పుడొస్తుందా అని క్యాలెండరు కూడా తిప్పి చూసుకుంది, పిచ్చిది.

సర్వేలో కడపటిదైన నలభై ఒకటో ప్రశ్న ఇట్లాంటి పెళ్ళి గురించే మరి. ఎవరు ఎవరిని పెళ్ళాడవచ్చనే చట్టం గురించి చెక్ వాళ్ళను అడిగారు. ఇక్కడికి వచ్చేసరికి దాన్ని కులం ప్రశ్నగా మార్చారు. మీ ఇంటి బిడ్డ వేరే కులం మనిషిని పెళ్ళి చేసుకుంటే మీకు అభ్యంతరమా? పదిమందిలో ఎనిమిదిమంది లేదనే అనేవాళ్ళు. ఇంతమందికి అభ్యంతరం లేకుంటే ఊళ్ళు యాల ఇట్లుండాయో అని మునిశేఖర్ నవ్వేవాడు. రేఖా నవ్వేది.

ఒక గురువారం సోమల మండలం రికార్డింగు వచ్చింది. పేరు చూడకముందే దగ్గు వినపడింది. ఆ దగ్గు ఆమెకు పుట్టినప్పటినుంచీ తెలుసు.

ఇంట్లో ఎవరిని అడగాలో ట్యాబే ఎంచుతుంది. ఎంచింది ఆమె తల్లి మునెమ్మను.

"దానికేం తెలుసు, నన్నడుగప్పా," అంటున్నాడు గంగాధరం.

మునిశేఖర్ గంగాధరాన్నే అడిగాడు. మధ్యలో స్టీలు లోటా అరుగు మీద పెట్టిన చప్పుడు, మజ్జిగ తాగప్పా అన్న తల్లి గొంతు. నలభై ఒకటో ప్రశ్న వచ్చింది. రేఖ హెడ్‌ఫోన్స్ రెండు చేతులా అదిమి పట్టుకుంది.

"అబ్యంతరం ఏముండాదప్పా. ఈ కాలంలో అందురూ మనుసులే గదా."

ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి. రికార్డింగు మాత్రం అయిపోలేదు.

"బాగా మాట్లాడతాండావు. మీరేమిటోళ్ళప్పా?"

మునిశేఖర్ చెప్పాడు. తడబడకుండా చెప్పాడు.

అతని ముందున్న లోటాను వెనక్కి లాగిన చప్పుడు.

"మునెమ్మా, మొన్న ఫంక్షనుకు తెచ్చిన పేపరు కప్పులు ఉండాయి సూడు."

థాంక్సప్పా అని మునిశేఖర్ గొంతు. అంతే.

రేఖ బాత్రూములోకి పోయి గొళ్ళెం పెట్టుకుని ఏడ్చింది. సాయంత్రం టీ కొట్టు దగ్గర అతన్ని నిలదీసింది. మా ఇల్లని తెలిసే పోయినావా అని.

"అడ్రసు ట్యాబ్‌దే. గోడ మీద నీ ఫోటో సూసినాక తెలిసింది."

"మా అమ్మను అడగాల్సింది గదా."

"తెలుసు. మీ నాయన ఏమంటాడో వినాలనిపించింది. తప్పే. కొట్టెయ్."

కొట్టేసింది. తన రూలు తన ఇంటికీ రూలే. మేనేజరు గోపాలస్వామికి, అది మా ఇల్లే సార్ అని కూడా చెప్పింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని, మళ్ళీ పోయి మీ అమ్మనే అడగాలి, అడిగేది అతనే, ఆమె దగ్గర ఇంకెవరూ లేకుండా చూసే పని మాత్రం నువ్వు చెయ్యి అన్నాడు.

శనివారం మధ్యాహ్నం ఇద్దరూ పుంగనూరులో బస్సు మారి సోమల వైపు వెళ్ళారు. అరుగు మీదున్న గంగాధరం ముందు కూతుర్ని చూసి నవ్వాడు. వెనక వస్తున్న మనిషిని చూశాడు. నవ్వు ఆగిపోయింది. ఇద్దర్నీ ఇంకోసారి చూశాడు. ఆయనకు అర్థమైపోయింది, రేఖ విడిగా చెప్పాల్సిన పని లేకపోయింది.

"నాయనా, అమ్మను ఒక్కదాన్నే అడగాల. అది రూలు."

గంగాధరం అరుగు మీంచి లేవలేదు. రేఖ వంటింటి గడపకు అడ్డంగా నిలబడింది. లోపల మునెమ్మ ముక్కాలిపీట మీద, ఎదురుగా కింద మునిశేఖర్. ప్రభుత్వం గురించి అడిగితే ఆమె తెలీదప్పా అంది. నూనె, దాణా ధరల గురించి అడిగితే ఆపకుండా చెప్పింది. చలికాలం సంగతికి నవ్వింది. కడపట నలభై ఒకటో ప్రశ్న చదివాడు.

"ఇది అందుర్నీ అడగతాండారా, మా ఇంట్లోనేనా?"

"అందర్నీనమ్మా."

మునెమ్మ కూతురి వంక చూసింది. అరుగు వైపూ చూసింది.

"ఈ ఇంట్లో నన్ను ఇంతవరకూ ఎవురూ ఏమీ అడగలేదప్పా. నాకు అబ్యంతరం లేదు, రాసుకో. ఆయప్పకు ఉండాది. అదీ రాసుకో."

లేచి, స్టీలు లోటాలో మజ్జిగ పోసి అతని చేతికిచ్చింది. మునిశేఖర్ రెండు చేతులా పట్టుకుని తాగాడు.

అతను లోటా కింద పెట్టాక గంగాధరం లోపలికి వచ్చాడు. అరవలేదు. తువ్వాలుతో లోటాను పట్టుకుని, పెరటి తలుపు తీసి, పేడదిబ్బలోకి విసిరేశాడు. తిరిగొచ్చి కూతురితో ఒకటే మాట అన్నాడు.

"నిన్ను సదివించింది నేనే. ఇంగ రావద్దు."

రేఖ నాయనా అంది. ఆయన గోడ మీద ఆమె ఫోటో దించుతున్నాడు.

ఊరి బయట రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డారు. సన్నగా తుంపర. మునిశేఖర్ ఆమె బ్యాగు అందుకున్నాడు. నువ్వు ఇంటికి పోతానంటే నేనేమీ అనుకోనని అన్నాడు. ఏ ఇంటికి అని రేఖ అడిగింది.

బస్సు మలుపు తిరుగుతుండగా మునెమ్మ వచ్చింది, వగరుస్తూ, చెప్పుల్లేకుండా. కొంగులోంచి లోటా తీసింది. తోమి, కడిగి తెచ్చింది, ఇంకా తడిగా ఉంది.

"ఇది ఇంగ మా ఇంట్లోకి రాదు."

దాన్ని కూతురి చేతిలో పెట్టి, ఆ చేతిని మునిశేఖర్ చేతి మీదికి జరిపింది.

"కాపరానికి సామాను ఈయాల గదా నేను. ఇది పెట్టుకోండి."

బస్సు ఆగింది. ఎక్కమని ఇద్దరికీ చెయ్యి ఊపి, వాళ్ళు ఎక్కకముందే మునెమ్మ వెనక్కి తిరిగింది. ఆమె ఆ ఇంటికే వెళ్ళాలి.