తెర మీద మిగిలిన దారి

"మీ యాప్‌కి జబ్బు చేసిందండీ. బటన్ నొక్కి, వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చినా ఉలకదు, పలకదు."

కొత్తగా చేరిన టెస్టర్ మొదటి రోజే అలా నిలదీసేసరికి ప్రోగ్రామర్‌కు పౌరుషం పొడుచుకొచ్చింది.

"జబ్బు నా యాప్‌కి కాదు, మీ ఎమ్యులేటర్‌కి!"

కంప్యూటర్‌లోనే ఒక ఉత్తుత్తి ఫోన్‌ను చూపించే ఆ సాఫ్ట్‌వేర్, ఆమె దగ్గర నత్తనడక నడిచేది. దారులు చూపే అతని యాప్‌ను ఆమె అందులోనే పరీక్షించాలి, దొరికిన తప్పులను అతను పక్కనే కూర్చుని చూడాలి. అది తెరుచుకునేదాకా ఇద్దరికీ మాటలే దిక్కు. మొదట పోట్లాడుకున్నారు. తర్వాత కిటికీ అవతలి వాన గురించి, ఆ తర్వాత ఇంటి సంగతులు.

"మా నాన్న గడియారాలు బాగుచేస్తారు. మా ఇంట్లో గడియారం మాత్రం ఎప్పుడూ లేటే."

"మీ ఎమ్యులేటర్‌కి చుట్టమన్నమాట!"

ఆమె నవ్వింది. అది ఇంకాస్త ఆలస్యంగా తెరుచుకుంటే బాగుండునని అతనికి తొలిసారి అనిపించింది.

ఒక ఉదయం టీమ్ లీడర్ అందరి ముందూ అన్నాడు: "ఈ వారంలో టెస్టింగ్ అవ్వకపోతే, ఆ పని ఇంకొకరికి ఇస్తాను."

ఆమె ముఖం చిన్నబోయింది. అతను తల దించుకున్నాడు. ఎమ్యులేటర్ జబ్బుకు మందు అతనికి తెలుసు. అది వేగం పుంజుకుంటే, ఆమె పక్కన కూర్చోవడానికి సాకు ఉండదనీ తెలుసు. ఆమె ఇబ్బంది మీద నిలబెట్టుకున్న సంతోషాన్ని ప్రేమ అనవచ్చునా? అవునని చెప్పే ధైర్యం అతని మనసుకు లేకపోయింది.

ఆమె భోజనానికి వెళ్ళబోతుండగా అడిగాడు. "మీ కంప్యూటర్ కాసేపు నాకిస్తారా? నయం చేస్తాను."

"ఇన్నాళ్ళూ ఏం చేశారు, డాక్టరుగారూ?"

ఆమె వెళ్ళగానే అతను ఆమె కుర్చీలో కూర్చున్నాడు.

కంప్యూటర్‌ను ఆపి మళ్ళీ మొదలుపెట్టి, లోపలి సెట్టింగుల్లో ఎవరూ ఆన్ చేయని వర్చువలైజేషన్‌ను, ఉత్తుత్తి ఫోన్‌ను వేగంగా నడిపించే ఆ సదుపాయాన్ని, ఆన్ చేశాడు. ఎమ్యులేటర్‌కు మెమరీ పెంచాడు. బొమ్మలు గీసే భారాన్ని గ్రాఫిక్స్ కార్డుకు అప్పగించాడు. ఉత్తుత్తి ఫోన్ చటుక్కున కళ్ళు తెరిచింది. పరీక్ష కోసం యాప్‌లో ఒక దారి వెతికాడు. వేళ్ళు వాటంతటవే తన వీధి నుంచి ఆమె వీధికి దారి అడిగాయి. తెర మీద నీలిగీత సాగింది.

దాన్ని చూస్తూనే, ఇకపై ఎమ్యులేటర్ మొదటినుంచి లేవకుండా తిన్నగా తెరుచుకునేందుకు, దాని స్థితిని స్నాప్‌షాట్‌గా భద్రపరిచాడు. ఎలా మూసినా మర్నాడు అదే స్థితిలో తెరుచుకునేలా పెట్టాడు. ఆపైన సిగ్గుపడి గీతను చెరిపేశాడు. భద్రమైపోయింది చెరపకముందటి తెర అన్న సంగతి తట్టలేదు.

టెస్టింగ్ గడువులోగా ముగిసింది. టీమ్ లీడర్ ఆమెను మెచ్చుకున్నాడు. అతని కుర్చీ అతని బల్ల దగ్గరే ఉండిపోయింది. ఆ వేగానికి సంతోషించాలో, దిగులుపడాలో అతనికి తెలియలేదు.

"ఇలా వస్తారా? ఒక బగ్ ఉంది," ఆమె పిలిచింది.

ఎమ్యులేటర్‌ను మూసి, మళ్ళీ తెరిచింది. నీలిగీత ప్రత్యక్షమైంది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"రోజూ పొద్దున్నే ఇదే దారి. ఒక చివర మా వీధి. రెండో చివర ఎవరిదండీ?"

"నాదే. చెరిపేశాననుకున్నా. తప్పయితే..."

"తప్పే. దారి రోజూ వస్తోంది, మనిషి రావట్లేదు. బగ్ అది!"

అతను ఊపిరి కూడదీసుకున్నాడు. "ఎమ్యులేటర్‌ని ముందే బాగుచేయగలిగేవాణ్ణి. మీతో మాటలు ఆగిపోతాయని చేయలేదు. మీరంటే నాకు ఇష్టం."

"మీ వల్ల తిట్లు తిన్నాను," అంది ఆమె, కోపంగానే. తర్వాత పెదవి చివర నవ్వు దాగలేదు. "ఇష్టం నాకూ ఉంది. ఆ తిట్ల బాకీ మాత్రం ఉంటుంది. ఆదివారం ఇంటికి రండి. నాన్నకి చెప్పాను."

"ఏమని?"

"మన గడియారంకన్నా లేటు మనిషి ఒకడున్నాడని."

ఆదివారం నీలిగీత చూపిన మలుపులన్నీ తిరిగి, వానలో తడిసి అతను తలుపు తట్టాడు. తలుపు తీసిన ఆమె తండ్రి భుజం మీది తువ్వాలు అందించి, గోడ గడియారం వైపు చూశాడు.

"మా లెక్కలో ముందే వచ్చావు బాబూ. తల తుడుచుకుని లోపలికి రా."