బెల్లం శ్రీరాములు మీ తాతేలే!

"బెల్లం వాళ్ళు ఎవరప్పా?"

పెనుకొండ రిజిస్ట్రార్ ఆఫీసులో అటెండర్ అలా పిలవగానే ఇద్దరు లేచారు. ఒకరు హిందూపురం డిగ్రీ కాలేజీలో హిస్టరీ చెప్పే రఘునాథ్. ఇంకొకరు ధర్మవరంలో పట్టుచీరలకు డిజైన్లు గీసే హేమావతి. ఇద్దరి ఇంటిపేరూ బెల్లమే. ఇద్దరూ నకళ్ళు అడిగింది కూడా ఒకే మనిషి పాత దస్తావేజులకు.

"శ్రీరాములు మా ముత్తాతకు నాయన. హిందూపురంలో బెల్లం మండీ పెట్టిందే ఆయన," అన్నాడు రఘునాథ్.

"మండీ మీదే కానీండి. మనిషి మావాడు. మా అంగట్లో ఫోటో ఉండాది, రోజూ దండ మారుస్తాం."

"దండేస్తే తాతయిపోతాడా?"

"హిస్టరీ చెప్తే అవుతాడా?"

అటెండర్ కాగితాలు ఇద్దరి మధ్యా పెట్టి టీకి వెళ్ళిపోయాడు. ఆ గొలుసుకట్టు రాత రఘునాథ్‌కే అర్థమవుతుంది. ధర్మవరం పాత వీధుల పేర్లు ఆమెకే తెలుసు. దెప్పుకుంటూనే ఒకే బెంచీ మీద కూర్చోక తప్పలేదు.

అలా చాలా శనివారాలు గడిచాయి. అటు నుంచి ఆమె, ఇటు నుంచి అతను పెనుకొండలో రైలు దిగేవాళ్ళు. ఒక సాయంత్రం స్టేషన్‌కు వస్తుంటే వాన పట్టుకుంది. చినుకు కోసం మొహం వాచే ఆ సీమలో, వాళ్ళకు గొడుగు లేని రోజే చూసుకుని మరీ కురిసింది. నకళ్ళు తడవకూడదని ఆమె కొంగు కింద దాచింది. ఆమె తడవకూడదని అతను బ్యాగు పట్టాడు. ఆ బ్యాగు ఇద్దరికీ చాలలేదు. చాలకపోయినందుకు ఎవరూ బాధపడలేదు.

ఆ వాన తర్వాత గొడవ తలకిందులైంది. ఇంటిపేరు ఒకటైతే అన్నాచెల్లెళ్ళ కిందే జమ. ఒకే తాత కొడుకుల సంతతి అని తేలితే పెళ్ళి మాటే ఎత్తకూడదు. అందుకని అంతవరకూ తాత కోసం కొట్లాడినవాళ్ళు, ఇప్పుడు ఆయన్ను ఒకరి మీదికి ఒకరు తోసుకోసాగారు.

"శ్రీరాములు మీ తాతేలే. నువ్వే ఉంచుకో."

"వద్దప్పా, హిస్టరీ సారుకే బాగుంటాడు. మాది వేరే బెల్లం."

నవ్వుకునేవాళ్ళు. లోపల ఇద్దరికీ భయమే.

చివరికి రఘునాథ్ ధైర్యం చేసి వాళ్ళ అవ్వ అంజినమ్మను శ్రీరాములు గురించి అడిగాడు.

"ఆయప్పకు ధర్మవరంలో ఇంకో సంసారం ఉండేదిరా. ఆడ అంగట్లో ఒక పిల్లోన్ని కూర్చోబెట్టినాడు. ఆ మాటెత్తితే మీ ముత్తాత అన్నం కాడ్నుంచి లేసిపోయేటోడంట."

రఘునాథ్ ఇంకేమీ అడగలేదు. అంగట్లో కూర్చోబెట్టాడంటే కొడుకే, ఇంకెవరు? రెండో సాక్ష్యం లేనిదే ఏదీ నమ్మొద్దని క్లాసులో గొంతు చించుకునే మనిషి, తన బతుకు దగ్గర ఒక్క మాటకే ఆగిపోయాడు.

"మా యల్లక్కవ్వ ఏమంటుందో కూడా విను. ఒక్కసారి ధర్మవరం రా," అంది హేమావతి ఫోన్లో.

"ఏం వినాల హేమా? అదే మాట మళ్ళీ వినే గుండె నాకు లేదు."

"వస్తావా, రావా? అదొక్కటే అడుగుతాండా."

"రాలేను."

హేమావతి ఫోన్ పెట్టేసింది.

ఏడాది తిరక్కముందే ఆమె పెళ్ళి పత్రిక వచ్చింది. వెళ్ళకుండా ఉండాల్సింది. ఉండలేకపోయాడు.

ధర్మవరం కల్యాణమంటపంలో ఎదురుకోలుకు హడావిడిగా ఉంది. పెళ్ళికూతురి అన్నో తమ్ముడో పెళ్ళికొడుక్కి పానకమిచ్చి లోపలికి తీసుకురావాలి. హేమావతికి తోడబుట్టినవాళ్ళు లేరు. రఘునాథ్ ఇంటిపేరు విన్న పెద్దాయన ఒకరు, "మనోడే, అన్న వరస," అంటూ పానకం చెంబు అతని చేతిలో పెట్టేశాడు.

"ఎవరి పిల్లోడివప్పా నువ్వు?"

గోడవార కుర్చీలోని ముసలామె అడిగింది. హేమావతి నాయనకు మేనత్త, యల్లక్క. రఘునాథ్ చెప్పాడు.

"శ్రీరాములు తాత హిందూపురం కొడుక్కి మునిమనవడివా? అయితే చెంబు కింద పెట్టు. నువ్వు అన్నవెట్లయితావు? ఆయప్పకు ఈడ పుట్టింది మాయమ్మ ఒక్కతే. అంగట్లో కూర్చున్న మా నాయన కొడుకు కాదు, ఇల్లటం అల్లుడు. అంగడీ మామదే, ఇంటిపేరూ మామదే. మీరు కొడుకు బిడ్డలు, మేం కూతురు బిడ్డలం. మా హేమకు నువ్వు బావవి."

చెంబు ఎప్పుడు కింద పెట్టాడో అతనికి గుర్తు లేదు. పెళ్ళికూతురి గది గుమ్మం దగ్గర నిలబడ్డాక గానీ తెలివి రాలేదు. తను గీసిన చీరే కట్టుకుని హేమావతి కూర్చుని ఉంది. అతని మొహం చూడగానే ఆమెకు అర్థమైంది. పక్కనున్నవాళ్ళను బయటికి పంపింది.

"నీకు ముందే తెలుసా?"

"నువ్వు రానన్న వారానికి యల్లక్కవ్వ చెప్పింది."

"నాకొక్క మాట చెప్పింటే పరిగెత్తుకోని వచ్చేటోన్ని."

"వచ్చేటోడివే. అందుకే చెప్పలేదు. వరస కుదిరితే వస్తావు, నేను రమ్మంటే రాలేదు కదా." ఆమె చేతి గాజులు సవరించుకుంది. "నాదీ పొగరే అనుకో. ఎన్నిసార్లు ఫోన్ తీసి పెట్టేసినానో."

"తప్పు చేసినా హేమా."

"ఇద్దరం చేసినాం. తాత ఇద్దరికీ తాతే రఘూ. ఉత్తపుణ్యానికి తోసుకున్నాం."

బయట మేళం మొదలైంది. ఆమె కళ్ళు తుడుచుకుని కాటుక సరిచూసుకుంది. అతను పక్కకు తప్పుకున్నాడు.

చెంబు ఇంకెవరో అందుకుని పెళ్ళికొడుక్కి ఎదురెళ్ళారు. యల్లక్క రఘునాథ్‌ను పిలిచి ఒక గ్లాసు అందించింది.

"బావ వరసైనోడు పానకం పోయకూడదు నాయనా, తాగల్ల. తాగు."

తాగాడు. తమ హిందూపురం బెల్లమే, బాగా తియ్యగా ఉంది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా తలెత్తలేదు.