సున్నం తుడిచిన పెద్దమనిషి

ఇలా దగ్గరికి జరుగు తల్లీ. ఇంకొంచెం. ప్రేమంటే మీ కాలంలోనే పుట్టిందనుకుంటున్నావు కదా, మన బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఒక మహానుభావుడు ప్రేమించి ఏం వెలగబెట్టాడో విను.

తెల్లదొరల కాలం. చిన్నారావు లోకో షెడ్డులో క్లీనరు. అంటే ఇంజన్లకు పట్టిన మసి తుడిచేవాడు. ఆ విద్యలో అతడికి సాటి లేదు. ఇత్తడి కనబడితే తుడిచేవాడు, అద్దం కనబడితే తుడిచేవాడు. బుర్ర జోలికి మాత్రం ఎన్నడూ పోలేదు.

అతడి క్వార్టరు గోడకు అవతల గార్డు జగన్నాథం పెరడు. ఆ పెరట్లో ఒక అద్దాల గది. వేలంలో కొన్న పాత రైలుపెట్టెల కిటికీలతో జగన్నాథమే కట్టాడు. లోపల తమలపాకు తీగలు. జగన్నాథం తల్లి అచ్చియమ్మ విజయనగరం నుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చుకున్న జాతి. ఇక్కడి తోర్వా బజారులో ఆకు దొరక్క కాదు, ఆ ఆకు నోట్లో పెడితే ముసలమ్మ గడ్డి మేసినట్టు ముఖం పెట్టేది. ఇక్కడి చలికీ వడగాలికీ ఆ తీగ బయట బతకదు. అందుకని జగన్నాథం కూతురు కనకం దాన్ని అద్దాల మధ్య చంటిబిడ్డలా సాకేది. వేసవి రాగానే ఎండ దిగకుండా అద్దాలన్నిటికీ సున్నం పూసేది.

మూడు నెలలుగా చిన్నారావు గోడ మీంచి ఆ అద్దాల గదినే చూసేవాడు. గదినే అని అతడు చెప్పేవాడు. మనం నమ్మాలి.

మే నెలలో కనకమూ నాయనమ్మా లాల్‌ఖదాన్‌లో పెళ్ళికని రెండు రోజులు వెళ్ళారు. జగన్నాథం బండితో లైను మీద ఉన్నాడు. చిన్నారావుకు ప్రేమ పొంగింది. గోడ దూకి, షెడ్డులో తుడిచే నూలు పీచుతో ఆ సున్నమంతా గీకి, కడిగి, తళతళలాడించాడు. కనకం తిరిగి వచ్చేసరికి మెప్పు కోసం గోడ దగ్గరే నిలబడి ఉన్నాడు.

"ఈ పని సేసిందెవుడు?"

"నానే," అన్నాడు ఛాతీ విరిచి. "పాపం అద్దాలన్నీ మసకేసి ఉన్నాయని తుడిసినాను. సూడు, నీ మొకం కనబడతాది."

"కనబడతంది. దాని ఎనకాల అప్పడాల్లాగ ఏగిపోయిన నా తీగలు కూడా కనబడతన్నాయి."

"ఎండ మొక్కకి మంచిదే కదేటి?"

"అచ్ఛా! అయితే రెండు మజ్జాన్నాలు నువ్వే ఆ గదిలో కూకో. బలమొస్తాది."

అంత వెటకారంగా అన్న పిల్ల గదిలోకి వెళ్ళి, మోడైన తీగను జ్వరం వచ్చిన బిడ్డను తడిమినట్టు తడుముతూ కూర్చుండిపోయింది. చిన్నారావు ఆ రోజు అన్నం తినలేదట. తినకపోతే తీగ చిగురిస్తుందని కాబోలు.

జగన్నాథం డ్యూటీ దిగి వచ్చి తీర్పు చెప్పాడు. "లైను పాడు సేసినోడే బాగు సెయ్యాల. రోజూ షెడ్డు నుంచి ఇటే రా. ఈ తీగకి సేవ సెయ్యి. కొత్త సిగురు వచ్చిన రోజుతో నీ డ్యూటీ ఖతం. మర్నాటి నుంచి నా పెరట్లో నీ నీడ కనబడకూడదు."

శిక్ష అంటే అదీ! చిన్నారావు ముఖం చేటంత అయింది. రాత్రికిగాని అసలు సంగతి తలకెక్కలేదు. తీగ బతికితే పిల్ల కనబడదు. తీగ చస్తే పిల్ల ఏడుస్తుంది.

మర్నాడు బాల్చీడు నీళ్ళు ఎత్తి తీగ మొదట్లో గుమ్మరించాడు.

"అదేటి ఇంజనా, ట్యాంకు నిండా పట్టడానికి?" అంది అరుగు మీంచి కనకం. "వేరు కుళ్ళిపోద్ది. పైన సిలకరించు. ముందు ఆ చమురు సేతులు కడుక్కో."

అద్దాలకు మళ్ళీ సున్నం పూశాడు. వడగాలి వేళ కిటికీలు మూసి లోపల తడిగోనెలు కట్టాడు, పొద్దు వాలాక గాలి ఆడేలా కిటికీలు తెరిచాడు. ఆమె అరుగు మీద బియ్యం ఏరుతూ ఆజ్ఞలిచ్చేది. ఆ నెలంతా వాళ్ళింట్లో అన్నంలో రాళ్ళేనని అచ్చియమ్మ మొత్తుకుంది. ఏరే పిల్ల చూపు బియ్యం మీద ఉంటేగా!

జూన్‌లో తొలివాన పడింది. ఆ పొద్దున తీగ కణుపు దగ్గర గోరంత చిగురు కనబడింది చిన్నారావుకు. గోటితో ఒక్కసారి గిల్లితే ఇంకో నెల డ్యూటీ. వేలు చిగురు దాకా వెళ్ళింది కూడా. మోడును తడిమిన కనకం చెయ్యి గుర్తొచ్చి వేలు వెనక్కి వచ్చేసింది.

"కనకం! సిగురొచ్చినాది!"

కనకం వానలో తడుస్తూ పరుగున వచ్చింది. వచ్చి సంతోషించిందా? తడిగోనె ముక్క తీసి చిగురు మీద కప్పేసింది.

"అరవకు. నాన్న ఇంట్లోనే ఉన్నాడు."

"సిగురు..."

"నాకు తెల్దేటి? లచ్చివారం నాడే సూసినాను."

"మరి సెప్పలేదేటి?"

"సెప్తే రేపట్నించి గోనెలు ఎవుడు తడుపుతాడు? మా నాయనమ్మా?"

చిన్నారావుకు అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఇంకో గోనె ముక్క తెచ్చి తనూ చిగురు మీద కప్పాడు.

"ఆ గోనె తీయండెహె, సిగురుకి ఊపిరాడదు," అని అరుగు మీంచి జగన్నాథం గొంతు వినబడింది. "ఇరవై ఏళ్ళు బండి తోకలో కూకుని ఇంజను కాడ ఏటవుతాదో సెప్పినోడిని. నా పెరట్లో ఏటవుతాదో నాకు తెల్దేటి?"

చిన్నారావు చేతులు కట్టుకున్నాడు. "నా డ్యూటీ ఖతమేనా, గార్డుబాబూ?"

"ఒక్క సిగురుకి ఖతమేటి? ఊరికి ఉత్తరం రాసి మీవోళ్ళని రప్పించు. తాంబూలాలు పుచ్చుకోడానికి తీగకి ఆకులుండాలి కదా. అందాకా పెంచు."

"అవి దసరా దాకా రావు కదండీ! ఇప్పుడే తోర్వా పోయి కట్ట కొనుక్కొచ్చేస్తాను!"

కనకం కొంగు పిండుకుంటూ అతడిని ఎగాదిగా చూసింది.

"ఎల్లు, కొనుక్కో. తాంబూలాలు కూడా ఆ కొట్టోడితోనే పుచ్చుకో."

దసరా దాకా ఆగారమ్మా. ఆ తీగ ఆకులతోనే తాంబూలాలు పుచ్చుకున్నారు. ఇది గుర్తుపెట్టుకో తల్లీ, నీ పిల్లలకు నువ్వే చెప్పాలి. చెప్పేటప్పుడు చిన్నారావును మరీ తెలివైనవాణ్ణి చెయ్యకు, కథ చెడుతుంది. చిగురు గిల్లకుండా వేలు వెనక్కి తీసుకున్నాడే, ఆ ముక్క మాత్రం వదిలెయ్యకు.